అన్నా... రాత్రి నిద్రపోయావా?

బండి కండిషన్ చూస్తాం. టైర్లలో గాలి చూస్తాం. ఫాస్టాగ్‌లో డబ్బులున్నాయో లేవో చూస్తాం. స్టీరింగు పట్టుకునే మనిషి కంటినిండా నిద్రపోయాడో లేదో మాత్రం అడగం. పండక్కీ, పెళ్లికీ, పుణ్యక్షేత్రానికీ రాత్రంతా రోడ్డు మీదే ప్రయాణించే మనం అన్నిటికంటే ముందు అడగాల్సింది ఆ మాటే.

‘రాత్రి అన్నం తినేసి బయల్దేరితే తెల్లారేసరికి ఊళ్లో ఉంటాం.’

తెలుగిళ్లలో ప్రయాణం మాట వచ్చినప్పుడల్లా వినిపించే లెక్క ఇది. రాత్రయితే ట్రాఫిక్ ఉండదు. ఎండ ఉండదు. పిల్లలు వెనక సీట్లో పడుకుంటారు. ఒక రోజు సెలవు మిగులుతుంది. ముహూర్తం తెల్లవారుజామునైతే ఇక మరో ఆలోచనే ఉండదు. ఈ లెక్కలో అన్నీ ఉన్నాయి. బండి నడిపే మనిషి ఒంట్లో ఆ వేళకు ఏం జరుగుతుందన్నది ఒక్కటే లేదు.

తెలుగువాళ్లందర్నీ కలచివేసిన కొన్ని ప్రమాదాలనూ, అవి జరిగిన వేళలనూ ఒకచోట పెట్టి చూడండి. 2012 నవంబరు 2న అర్ధరాత్రి దాటాక శ్రీకాకుళం జిల్లా రణస్థలం దగ్గర ఆయిల్ ట్యాంకరును కారు ఢీకొని మాజీ కేంద్రమంత్రి ఎర్రన్నాయుడు కన్నుమూశారు. విశాఖలో పెళ్లికి వెళ్లి తిరిగి వస్తున్నారాయన. 2013 అక్టోబరు 30 తెల్లవారుజామున బెంగళూరు నుంచి హైదరాబాద్ వస్తున్న వోల్వో బస్సు అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర కల్వర్టును ఢీకొని తగలబడింది. 45 మంది చనిపోయారు. 2018 ఆగస్టు 29 ఉదయాన్నే నల్గొండ జిల్లా అన్నెపర్తి దగ్గర నటుడు నందమూరి హరికృష్ణ స్వయంగా నడుపుతున్న కారు బోల్తా పడింది. ఆయనా నెల్లూరు జిల్లాలో పెళ్లికి బయల్దేరినవారే. 2021 ఫిబ్రవరి 14 వేకువన కర్నూలు జిల్లా వెల్దుర్తి మండలం మాదార్‌పురం దగ్గర ఒక వాహనం డివైడరు దాటి అవతలి లారీని ఢీకొంది. మదనపల్లె నుంచి అజ్మీర్ యాత్రకు బయల్దేరిన 14 మంది ప్రాణాలు పోయాయి. 2025 అక్టోబరు 24 వేకువన హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్తున్న ప్రైవేటు బస్సు కర్నూలు దగ్గర చిన్నటేకూరులో కాలిపోయింది. అంతకు కాసేపటి ముందే ప్రమాదానికి గురై రోడ్డు మీద పడివున్న బైకు మీదికి బస్సు ఎక్కి, దాన్ని ఈడ్చుకెళ్లడంతో మంటలు రేగాయి. 19 మంది ప్రయాణికులు బలయ్యారు.

ఈ ప్రమాదాలకు కారణాలు వేరువేరు. అన్నిటినీ నిద్రకు ముడిపెట్టడం న్యాయం కాదు. కానీ వేళ చూడండి. అర్ధరాత్రి దాటాక, పొద్దెక్కక ముందు. రోడ్డు మీద ఏ అడ్డంకి ఎదురైనా దాన్ని చూసి, పోల్చుకుని, కాలు బ్రేకు మీదికి తేవడానికి మనిషికి అన్నిటికంటే ఎక్కువ సమయం పట్టే వేళ అదే.

పొద్దున ఆరు నుంచి లెక్కపెట్టండి

మన ఒంట్లో ఒక గడియారం ఉంది. వెలుతురును బట్టి, అలవాటును బట్టి అది ఇరవై నాలుగు గంటలూ నడుస్తుంది. రాత్రి రెండు నుంచి ఆరు దాకా శరీర ఉష్ణోగ్రత తగ్గుతుంది, చురుకుదనం అడుగంటుతుంది. మళ్లీ మధ్యాహ్నం రెండు, నాలుగు గంటల మధ్య ఇంకోసారి చిన్నగా కుంగుతుంది. భోజనం చేసినా చేయకపోయినా ఆ మగత వస్తుంది. కడుపునిండా తింటే మరింత ముదురుతుంది. ఇరవై ఏళ్ల అనుభవం ఉన్న డ్రైవరుకైనా, నిన్న లైసెన్సు తెచ్చుకున్న కుర్రాడికైనా ఈ గడియారం ఒక్కటే. అనుభవం స్టీరింగు తిప్పడం నేర్పుతుంది. నిద్రను ఆపడం నేర్పదు.

దీనికి ఇంకో లెక్క కూడా తోడవుతుంది: మనిషి లేచి ఎన్ని గంటలైంది? 1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు డాసన్, రీడ్ ‘నేచర్’ పత్రికలో ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. పదిహేడు గంటలు మెలకువగా ఉన్న మనిషి చేతికీ కంటికీ మధ్య పొందిక, 100 మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాముల మద్యం ఉన్న మనిషితో సమానంగా దెబ్బతింటుంది. ఇరవై నాలుగు గంటలు మెలకువగా ఉంటే అది దాదాపు 100 మిల్లీగ్రాముల స్థాయికి చేరుతుంది. మన చట్టం ఒప్పుకునే హద్దు 30 మిల్లీగ్రాములు. అది దాటితే మొదటిసారికే పదివేల జరిమానా, ఆరు నెలల దాకా జైలు.

ఇప్పుడు మన ఇంటి లెక్క వేద్దాం. పొద్దున ఆరింటికి లేచి, ఆఫీసుకు వెళ్లి, సాయంత్రం సామాను సర్దుకుని, రాత్రి పదకొండింటికి కారు తీసిన మనిషికి అప్పటికే పదిహేడు గంటలు నిండాయి. చుక్క మందు ముట్టకపోయినా, తాగి నడిపితే జైలుకు పంపే స్థాయి కంటే మందకొడిగా ఉన్న బుర్రతో అతను హైవే ఎక్కుతున్నాడు. వెనక సీట్లో భార్యాపిల్లలున్నారు. అసలు గండం ఇంకా మూడు గంటల దూరంలో ఉంది.

ఆ గండం పేరు మైక్రోస్లీప్. కొన్ని సెకన్ల పాటు మెదడు నిద్రలోకి జారిపోతుంది. ఒక్కోసారి కళ్లు తెరిచే ఉంటాయి. లారీ డ్రైవర్లు ‘కన్నంటుకుంది’ అనేది దీన్నే. గంటకు 90 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారు నాలుగు సెకన్లలో సరిగ్గా వంద మీటర్లు పోతుంది. ఆ వంద మీటర్లూ బండిని ఎవరూ నడపడం లేదు. ఇలాంటి ప్రమాదాల్లో చాలాసార్లు రోడ్డు మీద బ్రేకు గుర్తులు కూడా కనిపించవు, ఎందుకంటే బ్రేకు వేయడానికి అక్కడ మెలకువగా ఎవరూ లేరు.

రికార్డులకెక్కని నిందితుడు

కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయి. 1,68,491 మంది చనిపోయారు. అంటే గంటకు 19 మంది. 2023లో మృతుల సంఖ్య 1,72,890కి చేరింది. దేశంలోని మొత్తం రోడ్ల పొడవులో జాతీయ రహదారులు రెండు శాతం మాత్రమే. 2022 మరణాల్లో 36 శాతం వాటి మీదే జరిగాయి. ఆ ఏడాది మరణాల్లో 71 శాతానికి అతివేగం కారణమని నమోదైంది.

అతివేగం నిజమే. కానీ నిద్ర ఆ పట్టికలో తన పేరుతో కనిపించేది చాలా తక్కువ. తాగినవాణ్ని పట్టుకోవడానికి బ్రెత్ ఎనలైజర్ ఉంది. వేగాన్ని పట్టుకోవడానికి స్పీడ్ గన్ ఉంది. నిద్రను కొలిచి కాగితం మీద పెట్టే పరికరం రోడ్డు పక్కన పోలీసు దగ్గర లేదు. బతికి బయటపడిన డ్రైవరు ‘కన్నంటుకుంది’ అని చెప్తే కేసు మెడకు చుట్టుకుంటుందని భయపడతాడు. చనిపోయిన డ్రైవరు చెప్పలేడు. చివరికి ‘అదుపు తప్పి డివైడరును ఢీకొంది’ అనే ఒక్క వాక్యంతో కథ ముగుస్తుంది. అదుపు ఎందుకు తప్పిందో ఎవరూ తవ్వి చూడరు.

ఈ సంగతి పోలీసులకు తెలుసు. ఆంధ్రప్రదేశ్‌లో పలుచోట్ల హైవేల మీద అర్ధరాత్రి దాటాక లారీలనూ బస్సులనూ ఆపి, డ్రైవర్ల చేత ముఖం కడిగించి పంపుతున్నారు. మెచ్చుకోవాల్సిన పనే. డ్రైవరు బండి దిగుతాడు, నాలుగు అడుగులు వేస్తాడు, తాను అలసిపోయానన్న సంగతి తనకే తెలిసొస్తుంది. కానీ చన్నీళ్ల ప్రభావం కాసేపే. అద్దం దించి గాలి పోసుకోవడం, పాటలు గట్టిగా పెట్టుకోవడం, మిరపకాయ బజ్జీ నమలడం, గుట్కా వేసుకోవడం... ఇవన్నీ నిద్రను వాయిదా వేస్తున్నామన్న భ్రమ కలిగిస్తాయి. నిద్రకు విరుగుడు నిద్రే.

విమానం దిగినవాళ్లు, తేవడానికి వెళ్లినవాళ్లు

తెలుగు కుటుంబాలకు బాగా తెలిసిన ఒక ప్రయాణం ఉంది. అమెరికా నుంచి అబ్బాయో అమ్మాయో వస్తున్నారు. విమానం శంషాబాద్‌లో ఏ వేకువజామునో దిగుతుంది. ఊరి నుంచి అమ్మానాన్నలు ముందురోజు సాయంత్రమే కారు మాట్లాడుకుని బయల్దేరతారు. ఐదారు గంటలు నడిపిన డ్రైవరు ఎయిర్‌పోర్టు పార్కింగులో ఇంకో మూడు గంటలు ఎదురుచూస్తాడు. పిల్లలు బయటికొచ్చాక కౌగిలింతలు, కన్నీళ్లు, ఫొటోలు. వెంటనే అదే కారు, అదే డ్రైవరు, అదే రాత్రి... వెనక్కి. ఇంట్లో టిఫిన్లు తయారవుతుంటాయి కాబట్టి ఎక్కడా ఆగరు.

ఆ సంతోషం మధ్యలో అలసిపోయిన మనిషి ఒక్కడే. అతనితో ఎవరూ మాట్లాడటం లేదు. వచ్చినవాళ్లు ప్రయాణ బడలికతో నిద్రలో పడతారు. పెద్దవాళ్లు రాత్రంతా మేలుకుని ఉన్నారు కాబట్టి వాళ్లూ తూగుతారు. కారులో ఉన్న అందరూ నిద్రపోతుంటే డ్రైవరు ఒక్కడే మెలకువగా ఉండాలని ఆశించడం అన్యాయం.

పరిష్కారం పెద్ద ఖర్చుతో కూడినదేమీ కాదు. డ్రైవరు మధ్యాహ్నం నాలుగైదు గంటలు పడుకున్నాకే బయల్దేరండి. లేదా పిల్లల్ని ఆ ఉదయం హైదరాబాద్‌లో బంధువుల ఇంట్లోనో, చిన్న లాడ్జిలోనో దించి, డ్రైవరుకూ మంచం చూపించి, అందరూ పడుకుని లేచాక కదలండి. ఏళ్ల తరబడి ఆగినవాళ్లం, ఇంకో ఆరు గంటలు ఆగగలం.

విదేశం నుంచి వచ్చినవారు మొదటి మూడు నాలుగు రోజులు స్టీరింగు ముట్టుకోకపోవడమే మేలు. శీతాకాలంలో హైదరాబాద్‌లో మధ్యాహ్నం మూడైతే డాలస్‌లో వేకువ మూడున్నర. ఎండ మిలమిలలాడుతున్నా వాళ్ల ఒంట్లో గడియారానికి అది నడిరాత్రే. ఆ గడియారం కొత్త ఊరికి అలవాటు పడేది రోజుకు సుమారు ఒక గంట చొప్పునే. దానికి తోడు ఏళ్లుగా రోడ్డుకు కుడివైపున నడిపినవారు మలుపు తిరిగేటప్పుడు అలవాటుగా అటువైపే వెళ్లిపోయే ప్రమాదం ఉంది. ఇక్కడి లైసెన్సు గడువు ముగిసిందేమో చూసుకోండి. అక్కడి లైసెన్సుతో నడపాలంటే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ వెంట ఉండాలి.

పెళ్లి పత్రికలో లేని అతిథి

మన ఫంక్షన్ హాళ్లలో వెయ్యిమందికి భోజనాలుంటాయి. వరుడికి గది, వధువుకు గది, ఆఖరికి వంట సామానుకు కూడా గది ఉంటుంది. కారు డ్రైవర్లకు మాత్రం ఉండదు. కొందరికి భోజనం చివరి పంక్తిలో. పడక కారులోనే, సీటు వెనక్కి వాల్చుకుని, దోమల మధ్య. పక్కన బ్యాండు మోగుతుంటుంది. మధ్యలో ఎవరో వచ్చి అద్దం కొట్టి ‘బాబూ, పూలు తేవాలి, ఓసారి పద’ అంటారు. అప్పగింతలు అయ్యేసరికి అర్ధరాత్రి. అప్పుడు ఆ మనిషి చేతిలోనే కొత్త దంపతులను పెట్టి మూడు వందల కిలోమీటర్లు పంపుతాం.

1961లో వచ్చిన మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటల పని అని చెప్పింది. వరుసగా ఐదు గంటలు పనిచేస్తే కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాలంది. అది ఐదుగురు, అంతకు మించి పనివాళ్లున్న రవాణా సంస్థలకు వర్తించేది. మనం ఫోన్ చేసి పిలిపించుకునే ఒంటరి డ్రైవరుకు చట్టం గొడుగు అందదు. అతనికి ఆ ఎనిమిది గంటల హద్దు గీయాల్సింది మనమే.

ఒక చిన్న పని చేయండి. పెళ్లి ఖర్చుల జాబితాలో ‘డ్రైవర్ల గది’ అని ఒక పద్దు రాయండి. నాలుగు పరుపులు, ఒక ఫ్యాను, ఒక తలుపు చాలు. కిరాయి మాట్లాడుకునేటప్పుడు ‘కిలోమీటరుకెంత’ అని అడిగే నోటితోనే ‘అన్నా, రాత్రి నిద్రపోయావా? నిన్న ఎక్కడికెళ్లొచ్చావు?’ అని అడగండి. నిన్న తిరుపతి, మొన్న షిర్డీ అని చెప్తే ఇంకో డ్రైవర్ని పంపమని మర్యాదగా కోరండి. డ్రైవరు తనంతట తాను ‘సార్, పది నిమిషాలు ఆపుతా’ అన్నాడంటే అతను మంచి డ్రైవరు. విసుక్కోకండి. ‘ఇంకెంత, దగ్గరకొచ్చేశాంగా’ అనే మాట అసలు అనకండి. కిరాయి కారు పసుపు ప్లేటుదే కావాలి. సొంత వాడకానికి రిజిస్టరైన తెల్ల ప్లేటు కారును కిరాయికి తిప్పడం చట్టవిరుద్ధం. ప్రమాదం జరిగితే బీమా సొమ్ము దగ్గర చిక్కులొస్తాయి.

ప్రయాణాన్ని నిద్ర చుట్టూ అల్లుకోండి

హైదరాబాద్ నుంచి విజయవాడ దాదాపు 275 కిలోమీటర్లు. పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు టోల్‌ప్లాజాలు దాటాలి. పండగ ముందు రెండు రోజులు పంతంగి దగ్గర కార్ల బారులు చూసి భయపడి చాలామంది అర్ధరాత్రి ప్రయాణం ఎంచుకుంటారు. దానికి బదులు త్వరగా పడుకుని, ఆరేడు గంటలు నిద్రపోయి, తెల్లగా తెల్లారాక బయల్దేరండి. కుదిరితే పండక్కి మూడు నాలుగు రోజుల ముందే వెళ్లండి. దాదాపు సగం దారిలో సూర్యాపేట వస్తుంది. అక్కడ ఆగడం తప్పనిసరి అని ఇంట్లోనే అనుకోండి. రెండు గంటలకోసారి, అలసట ఉన్నా లేకపోయినా, దిగి నడవండి.

విశాఖ అయితే ఆరు వందల కిలోమీటర్ల పైమాట. ఒక్కరే నడిపేటట్టయితే మధ్యలో ఒక రాత్రి ఎక్కడైనా ఆగండి. ఇద్దరు నడపగలిగితే వంతులు వేసుకోండి. నడపని వంతులో ఉన్నవారు నిజంగా పడుకోవాలి. డ్రైవరు పక్క సీట్లో కూర్చున్నవారు మాత్రం పడుకోకూడదు. డ్రైవరు మాటిమాటికీ ఆవలిస్తుంటే, తెల్లగీత మీదికి బండి జరుగుతుంటే, అడిగినదానికి ఆలస్యంగా జవాబిస్తుంటే, తిరగాల్సిన చోటు దాటేసి వెళ్లిపోతే... అవన్నీ బండి ఆపమని చెప్పే గుర్తులు. దాటివచ్చిన నాలుగైదు కిలోమీటర్లు డ్రైవరుకే గుర్తులేకపోతే అతను అప్పటికే కునుకు తీశాడని అర్థం.

అప్పుడేం చేయాలి? వెలుతురున్న పెట్రోలు బంకులోకో, టోల్‌ప్లాజా పక్కనో, దాబా ఆవరణలోకో బండి పెట్టండి. ఒక కప్పు కాఫీ తాగి వెంటనే పడుకోండి. కాఫీ పనిచేయడానికి ఇరవై నిమిషాల నుంచి అరగంట పడుతుంది. ఆలోగా ఇరవై నిమిషాల కునుకు పూర్తవుతుంది. రెండూ కలిసి బుర్రను తేటపరుస్తాయి. లేచాక పది నిమిషాలు నడిచి అప్పుడు స్టీరింగు పట్టుకోండి. ఇది ఒక గంటో రెండు గంటలో నడిపించే ఊరట మాత్రమే, రాత్రి నిద్రకు సాటిరాదు. ఇంజిను ఆన్ చేసి, అద్దాలన్నీ మూసి, ఏసీలో పడుకోకండి. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ లోపలికి చేరితే ప్రాణాలు పోతాయి. జలుబుకూ అలర్జీకీ వేసుకునే మాత్రలు చాలావరకు నిద్ర తెప్పిస్తాయి. ప్రయాణం రోజున డాక్టర్ని అడిగి మార్చుకోండి. గట్టిగా గురకపెట్టే అలవాటుండి, పగలల్లా తూగేవారు ఒకసారి స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆడే జబ్బు) పరీక్ష చేయించుకోవాలి.

వేగం పెంచి సమయం మిగిల్చే ఆలోచన కూడా లెక్కకు నిలవదు. వంద కిలోమీటర్ల దూరాన్ని 80 వేగంతో వెళ్తే 75 నిమిషాలు, 100తో వెళ్తే 60. మిగిలేది పావుగంట. ఆ పావుగంట కోసం ఢీకొన్నప్పటి తాకిడి శక్తి ఒకటిన్నర రెట్లు దాటుతుంది.

నెమ్మదిగా వెళ్లడమే నియమంగా పెట్టిన దారులు మనకు ఉన్నాయి. తిరుమల ఘాట్‌లో పైకి ఎక్కడానికి కనీసం 28 నిమిషాలు, కిందికి దిగడానికి కనీసం 40 నిమిషాలు పట్టాలని టీటీడీ నిబంధన. అంతకు ముందే చేరితే జరిమానా. దిగేటప్పుడు ఎక్కువ సమయం ఎందుకంటే, ప్రమాదమంతా దిగుడులోనే. ఎక్కేటప్పుడు ఏ గేరు వాడతారో దిగేటప్పుడూ ఆ గేరులోనే రండి. న్యూట్రల్‌లో దిగితే భారమంతా బ్రేకుల మీద పడి, అవి వేడెక్కి పట్టు వదిలేస్తాయి. ఇరుకు ఘాట్‌లో ఎదురెదురుగా వస్తే ఎక్కే బండికి దారివ్వాలి. శ్రీశైలం వెళ్లేవారు నల్లమల అడవిలో రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా చెక్‌పోస్టులు మూసి ఉంటాయని గుర్తుంచుకోండి. మన్ననూరు, దోర్నాల గేట్లు పడేలోపు చేరాలని ఆఖరి గంటలో పరుగులు తీయకండి. ఆలస్యమైతే ఇవతలే పడుకోండి.

రాత్రి రోడ్డు మీద ఏముంటుంది?

తప్పనిసరై రాత్రి వెళ్లాల్సివస్తే ఎదురయ్యేవేమిటో తెలిసుండాలి. మొదటిది, ఆగివున్న లారీ. వెనక లైటు ఉండదు, రేడియం స్టిక్కరు మీద దుమ్ము పేరుకుని ఉంటుంది. రెండోది ట్రాక్టరు. గడ్డి ఎత్తిన ట్రాలీ లేనేలేని లైట్లతో, ఒక్కోసారి రాంగ్ రూట్‌లో ఎదురొస్తుంది. మూడోది గేదెల మంద, ముఖ్యంగా వానాకాలంలో. నాలుగోది కోతల కాలంలో రోడ్డు మీద ఆరబోసిన వడ్లు, చుట్టూ పెట్టిన రాళ్లు. 2014 ఏప్రిల్‌లో ఆళ్లగడ్డ దగ్గర రాజకీయ నాయకురాలు శోభా నాగిరెడ్డి ప్రయాణిస్తున్న వాహనం రాత్రివేళ బోల్తా పడింది ఇలాంటి ధాన్యం కుప్ప దగ్గరే. రైతుకు కల్లాలు కట్టించడం కూడా రోడ్డు భద్రతేనని అధికారులు గుర్తించాలి.

హెడ్‌లైటు వెలుగు ఎంత దూరం పడుతుందో అంత దూరంలో ఆగగలిగే వేగమే రాత్రికి తగిన వేగం. ఎదురుగా వాహనం వస్తే డిమ్ చేయండి. వాళ్లు చేయకపోతే పంతానికి పోకుండా చూపును ఎడమ అంచు తెల్లగీత మీదికి మరల్చి, వేగం తగ్గించండి. పొగమంచులో హైబీమ్ వేస్తే ఎదుట తెల్లని గోడ నిలబడినట్టే ఉంటుంది. లోబీమ్, ఫాగ్‌లైట్లు వాడండి. బండి చెడిపోతే పూర్తిగా ఎడమకు తీసి, హజార్డ్ లైట్లు వేసి, ఎర్ర త్రికోణాన్ని కనీసం యాభై మీటర్ల వెనక పెట్టండి. మనుషులంతా రెయిలింగు అవతలికి వెళ్లి నిలబడాలి. బండికి అడ్డంగా రాళ్లు పెట్టి ఉంటే, బండి కదిలాక వాటిని తీసి పక్కన వేయడం మరిచిపోవద్దు.

టైరు పక్కగోడ మీద చివరి నాలుగు అంకెలు చూడండి. 2321 అని ఉంటే అది 2021లో 23వ వారంలో తయారైందని. ఐదారేళ్లు దాటితే అరగకపోయినా నిపుణుడికి చూపించండి. గాలి చల్లటి టైర్లలోనే కొలిపించండి.

బెల్టు వెనక సీటుకు కూడా

2022లో సీటు బెల్టు పెట్టుకోక చనిపోయినవారు 16,715 మంది. అందులో 8,331 మంది ప్రయాణికులు. అదే ఏడాది సెప్టెంబరు 4న పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ మహారాష్ట్రలోని పాల్ఘర్ దగ్గర కారు ప్రమాదంలో మరణించారు. ఆయన వెనక సీట్లో ఉన్నారు, బెల్టు లేదు. వెనక కూర్చున్నవారికి బెల్టు తప్పనిసరి అని చట్టం ఎప్పటి నుంచో చెప్తోంది. బెల్టు లేని మనిషి ఢీకొన్న క్షణంలో అదే వేగంతో ముందుకు దూసుకెళ్లి ముందు సీటువాళ్లను కూడా గాయపరుస్తాడు. వెనక సీటు కవర్ల కింద దాగిపోయిన బెల్టు బకిల్‌ను ఈరోజే బయటికి తీయండి. ముందు సీట్లో ఒళ్లో పిల్లలను కూర్చోబెట్టుకోవద్దు. ఎయిర్‌బ్యాగ్ విచ్చుకునే వేగం చిన్న పిల్లల ప్రాణం తీయగలదు.

అదే సంవత్సరం హెల్మెట్ లేక చనిపోయినవారు 50,029 మంది. ఐఎస్‌ఐ గుర్తున్న హెల్మెట్ పెట్టుకుని, గడ్డం కింద పట్టీ బిగిస్తేనే అది హెల్మెట్.

స్లీపర్ బస్సు ఎక్కేవారు రెండో డ్రైవరు ఉన్నాడో లేదో టికెట్టు కొనేటప్పుడే అడగండి. బెర్తు ఎక్కగానే అత్యవసర ద్వారం ఎక్కడుంది, అద్దం పగలగొట్టే సుత్తి ఎక్కడుంది చూసుకోండి. ఆ దారికి అడ్డంగా సామాను పెట్టనివ్వకండి. చెప్పులు, ఫోను చేతికందేలా ఉంచుకోండి.

ప్రమాదం కళ్లబడితే...

- 108కి గానీ 112కి గానీ ఫోన్ చేయండి. జాతీయ రహదారి మీదైతే 1033. రోడ్డు పక్కన కిలోమీటరు రాయి మీదున్న అంకె చెప్తే అంబులెన్సు త్వరగా చేరుతుంది.
- ముందు మీ బండిని సురక్షితంగా ఆపి, వెనక వచ్చేవారిని హెచ్చరించండి. ఒక ప్రమాదం దగ్గర రెండోది జరగడం మామూలే.
- రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమిపట్టండి. స్పృహ లేనివారికి నీళ్లు తాగించకండి. మంటలు, పొగ లేకపోతే మనిషిని లాగకండి. వెన్ను దెబ్బతినొచ్చు.
- సాయం చేస్తే కేసుల్లో ఇరుక్కుంటామన్న భయం వద్దు. 2016లో సుప్రీంకోర్టు, 2019 చట్ట సవరణలో 134ఎ సెక్షను ఆదుకున్నవారికి రక్షణ కల్పించాయి. ఇష్టం లేకపోతే పేరు చెప్పనక్కర్లేదు.
- తొలి గంటలో ఆసుపత్రికి చేర్చి ప్రాణం కాపాడినవారికి కేంద్రం ‘రాహ్-వీర్’ పథకం కింద రూ.25,000 పారితోషికం ఇస్తోంది.
- 2025 మేలో కేంద్రం ప్రకటించిన పథకం ప్రకారం క్షతగాత్రులకు ఏడు రోజుల దాకా, రూ.1.5 లక్షల వరకు నగదు రహిత చికిత్స అందాలి. ఆసుపత్రిలో గట్టిగా అడగండి.

ఇంట్లో ఎదురుచూసేవాళ్లకు

ఈ వ్యాసంలో అన్నీ డ్రైవర్లకూ ప్రయాణికులకూ చెప్పాం. చివరి మాట ఇంటి దగ్గర ఉన్నవాళ్లకు. గంటకోసారి ఫోన్ చేసి ‘ఎక్కడిదాకా వచ్చారు?’ అని అడుగుతాం. ప్రేమతోనే అడుగుతాం. కానీ ఆ ప్రతి ఫోనూ స్టీరింగు పట్టుకున్నవాళ్లను కొంచెం ముందుకు నెడుతుంది. ఒక టీ మానేసేలా చేస్తుంది, ఒక కునుకు వాయిదా వేయిస్తుంది. ‘మీరొచ్చేదాకా మేం తినం’ అనే మాట కూడా అంతే.

ఆ ప్రేమనే ఇంకోలా చెప్పొచ్చు. ముహూర్తం వేకువనైతే చుట్టాలను ముందురోజే రమ్మని పత్రికలో రాయండి. పండక్కి వచ్చే కొడుకుతో, కూతురితో, అల్లుడితో రాత్రి ప్రయాణం వద్దని తేల్చి చెప్పండి. బయల్దేరాక మీరు ఫోన్ చేయకండి, ఆగినప్పుడు వాళ్లనే చేయమనండి. భోగి మంటకు అందకపోతే కనుమకు అందుతారు. ఆలస్యంగా వచ్చినందుకు ఎవరూ నిష్ఠూరమాడరని పిల్లలకు నమ్మకం కలిగితే, దారిలో ఆగి పడుకోవడానికి వాళ్లు వెనకాడరు. ఆ నమ్మకం ఇవ్వగలిగింది ఇంటి పెద్దలే.